పాత క్వార్టరుకు చల్లని మీట: ఏ థర్మోస్టాట్ మేలు?

భిలాయి: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది తెలుగునాట సామెత. అదే కాలాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రజలు 'నౌతపా' అని పిలుస్తారు. మే నెలాఖరులో సూర్యుడు రోహిణిలో ప్రవేశించినది మొదలు తొమ్మిది రోజులపాటు సాగే ఈ ఎండలకు భిలాయి ఉక్కు నగరంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరడం కొత్తేమీ కాదు. అయితే ఆ వేడిని తట్టుకోవలసిన ఇళ్లు మాత్రం పాతవి. సెక్టర్ 6తో సహా ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లోని తొలితరం క్వార్టర్లను నిర్మించే నాటికి ఇంట్లో ఎయిర్ కండిషనర్ ఉంటుందన్న ఊహ సామాన్య కార్మికునికి లేదు. సీలింగ్ ఫ్యాను, గుమ్మానికి వట్టివేళ్ల తడక, రాత్రి ఆరుబయట మంచం మాత్రమే ఆనాటి ఉపశమనాలు.

నేడు పరిస్థితి మారింది. అవే క్వార్టర్లలో ఒక గదికి కూలరు, మరో గదికి ఎయిర్ కండిషనర్ అమరుతున్నాయి. వీటిని వేళకు నడిపి, వేళకు ఆపే 'ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లు', సెల్‌ఫోనుతో పనిచేసే స్మార్ట్ కంట్రోలర్లు కూడా సివిక్ సెంటర్, సుపేలా దుకాణాల్లోకి వచ్చాయి. 'కరెంటు బిల్లు తగ్గుతుంది' అన్న హామీతో వీటిని అమ్ముతున్నారు. ఈ హామీలో నిజమెంత? ఆరు దశాబ్దాల నాటి ఇంటికి ఈ సాధనాల్లో ఏది తగినది? వేతన జీవులకు, ముఖ్యంగా పరిమిత ఆదాయంపై ఆధారపడిన విశ్రాంత ఉద్యోగులకు ఈ ప్రశ్న చిన్నది కాదు. తప్పుడు ఎంపిక వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. పాత తీగలపై కొత్త భారం పడితే ప్రాణాపాయం కూడా పొంచి ఉంటుంది.

ఉక్కుతో పాటు వెలసిన ఊరు

భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో భాగమయింది. కర్మాగార నిర్మాణ దశ నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో ఇక్కడికి తరలివచ్చారు. విజయనగరం-రాయపూర్ రైలుమార్గం వారికి రాజబాట అయింది. వారి పిల్లలు, మనుమలు నేటికీ ఈ సెక్టర్లలో కాపురముంటున్నారు.

టౌన్‌షిప్ గృహాల విషయంలో ఒక ప్రత్యేకతను గమనించాలి. సర్వీసులో ఉన్న ఉద్యోగికి క్వార్టరు సంస్థ కేటాయించినది మాత్రమే, సొంతం కాదు. 2000 దశకం తొలినాళ్లలో కొన్ని క్వార్టర్లను దీర్ఘకాల లీజుపై ఇచ్చారు. లీజుదారుకు ఇంటిపై కొంత భరోసా ఉంటుంది. కేటాయింపు క్వార్టరులో ఉన్నవారు పదవీ విరమణతోనో, పెద్ద క్వార్టరు వచ్చినప్పుడో ఇల్లు మారవలసిందే. అందువల్ల గోడలు తొలిచి బిగించే సాధనాలపై పెట్టే పెట్టుబడికి, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోగల సాధనాలపై పెట్టే పెట్టుబడికి తేడా చూసుకోవాలి. విద్యుత్ సరఫరా కూడా టౌన్‌షిప్‌లో కర్మాగారం యాజమాన్యం ద్వారానే జరుగుతుంది కనుక ఇంటి వైరింగులో మార్పులకు ముందుగా సంబంధిత విభాగం అనుమతి పొందడం అవసరం.

థర్మోస్టాట్ చేసే పని ఏమిటి?

గదిలోని వేడిని కొలిచి, అది నిర్ణీత హద్దు దాటగానే యంత్రాన్ని నడిపించి, హద్దుకు చేరగానే ఆపే సాధనమే థర్మోస్టాట్. ఇది కొత్త వస్తువేమీ కాదు. అమెరికాలో వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందారు. హనీవెల్ సంస్థ 1953లో విడుదల చేసిన గుండ్రని థర్మోస్టాట్ ఆ దేశంలో ఇంటింటి వస్తువయింది. వారంలో ఏ రోజు ఏ వేళకు ఎంత ఉష్ణోగ్రత ఉండాలో ముందుగా నిర్దేశించే ప్రోగ్రామబుల్ రకాలు అటు తర్వాత వచ్చాయి. ఇంటివారి అలవాట్లను తానే గమనించి నేర్చుకొనే 'నెస్ట్' థర్మోస్టాట్ 2011లో వెలువడింది.

అయితే అక్కడి ఇళ్లకు, ఇక్కడి ఇళ్లకు మౌలికమైన తేడా ఉంది. అమెరికా ఇళ్లలో మొత్తం ఇంటికంతటికీ ఒకే చల్లదనపు యంత్రం, ఒకే కొలిమి ఉంటాయి. వాటిని శాసించే థర్మోస్టాట్ గోడపై విడిగా ఉంటుంది. మన దేశంలో గదికొక యంత్రం ఉంటుంది. థర్మోస్టాట్ ఆ యంత్రంలోనే ఇమిడి ఉంటుంది. కనుక గోడ థర్మోస్టాట్‌ను కొని తెచ్చి విండో ఏసీకో, స్ప్లిట్ ఏసీకో తగిలించడం సాధారణంగా సాధ్యం కాదు. విదేశాల నుంచి పిల్లలు కానుకగా పంపిన థర్మోస్టాట్లు ఇక్కడ అలంకారానికే పరిమితమవుతున్నాయంటే కారణమిదే. పైగా అవి 24 వోల్టుల విద్యుత్తుతో పనిచేసేవి. వాటిని మన 230 వోల్టుల తీగలకు కలిపితే సాధనం కాలిపోవడమే గాక షాకు కొట్టే ప్రమాదముంది.

మూడు రకాల ఇళ్లు, మూడు మార్గాలు

పాత క్వార్టర్లలో కనిపించే ఏసీలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది, మీట తిప్పే పాత విండో ఏసీ. దీని మీటపై ఉండే 1 నుంచి 7 వరకు అంకెలు డిగ్రీలు కావు. సన్నని రాగి గొట్టంలో నింపిన వాయువు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచించి స్విచ్చిని కదిలిస్తుంది. దానికి కాలజ్ఞానం లేదు, గంటలు తెలియవు. ఈ యంత్రానికి రిమోటు లేదు కనుక సెల్‌ఫోను కంట్రోలర్లు దీనికి పనికిరావు. మెకానిక్ సహాయంతో అంకెలు చూపే ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్‌ను అమర్చవచ్చు. అయితే దానిలోని రిలే కంప్రెసర్ ప్రారంభంలో లాగే అధిక కరెంటును తట్టుకోగలిగేదై ఉండాలి. కంప్రెసర్ ఆగిన తర్వాత కనీసం మూడు నిమిషాలపాటు తిరిగి నడవకుండా ఆపే ఏర్పాటు కూడా ఉండాలి. ఇవి లేని చవక సాధనం కంప్రెసర్ ఆయుష్షునే హరిస్తుంది.

రెండవది, రిమోటుతో పనిచేసే స్థిరవేగపు ఏసీ. దీనికి సెల్‌ఫోనుతో నడిచే చిన్న పెట్టెలను వాడవచ్చు. ఇవి రిమోటు పంపినట్లే కంటికి కనిపించని కిరణాలతో ఆజ్ఞలు పంపుతాయి. గోడకు మేకు కొట్టవలసిన పని లేదు. ఇల్లు మారితే జేబులో వేసుకొని పోవచ్చు. కేటాయింపు క్వార్టర్లలో ఉన్నవారికి ఇది అనుకూలమే. అయితే వీటికొక లోపముంది. ఆజ్ఞ పంపడమే గాని, యంత్రం దాన్ని అందుకొందో లేదో తెలుసుకొనే శక్తి చాలా పెట్టెలకు లేదు. మధ్యలో ఎవరైనా అసలు రిమోటు నొక్కితే, యంత్రం నడుస్తున్నా పెట్టె మాత్రం ఆగిందనే భావిస్తుంది. గది ఉష్ణోగ్రతను స్వయంగా కొలిచే సెన్సరు ఉన్న రకాన్ని ఎంచుకొంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

మూడవది, ఇన్వర్టర్ ఏసీ. ఇది ఆగుతూ, నడుస్తూ ఉండదు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకొంటుంది, పెంచుకొంటుంది. దీని సొంత థర్మోస్టాట్ ఇప్పటికే సమర్థమైనది. వారపు టైమరు, నిద్ర వేళ ఉష్ణోగ్రతను క్రమంగా పెంచే 'స్లీప్' సదుపాయం, రిమోటు ఉన్నచోటి వేడిని కొలిచే ఏర్పాటు అనేక నమూనాల్లో ఉన్నాయి. వీరిలో చాలామందికి కొత్త సాధనం కొనవలసిన అవసరమే లేదు. యంత్రంతోపాటు వచ్చిన వివరాల పుస్తకాన్ని తెరిచి చదవడమే కావలసింది.

ఇక ఏసీని స్మార్ట్ ప్లగ్గుకు తగిలించి వేళకు ఆపే పద్ధతి ఏ తరగతికీ శ్రేయస్కరం కాదు. నడుస్తున్న కంప్రెసర్‌కు హఠాత్తుగా విద్యుత్తు నిలిపివేయడం యంత్రానికి చేటు. అంతేగాక 10 ఆంపియర్ల ప్లగ్గుపై ఏసీ భారం పడితే ప్లగ్గు వేడెక్కి కరిగిపోయే అవకాశముంది.

షిఫ్టుల ఊరికి వారపు పట్టిక సరిపోదు

ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్‌ను రూపొందించినవారి దృష్టిలో ఉన్నది ఉదయం ఆఫీసుకు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే కుటుంబం. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక తీరు, శని, ఆదివారాలు మరో తీరు. ఉక్కు నగరం బతుకు అలా నడవదు. కర్మాగారంలో ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు షిఫ్టులు మారుతాయి. ఈ వారం పగలు పనిచేసినవాడు మరో వారం రాత్రంతా ఫర్నేసుల సెగలో నిలిచి, తెల్లవారి ఇంటికి వచ్చి, ఎండ మండే వేళ నిద్రపోవాలి.

ఇటువంటి ఇంటికి ఒకే వారపు పట్టికను బిగించే సాధనం వల్ల ప్రయోజనం స్వల్పం. యజమాని రాత్రి షిఫ్టులో ఉండగా ఖాళీ మంచానికి యంత్రం చల్లదనం పంచుతుంది; పగటివేళ అతడు నిద్రించే సమయానికి ఆగిపోతుంది. కనుక కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు. కనీసం మూడు వేర్వేరు పట్టికలను దాచుకొని, షిఫ్టు మారగానే ఒక్క మీటతో మార్చుకొనే వీలుందా? ఇంట్లో పెద్దవారు సైతం ఫోను అవసరం లేకుండా దాన్ని నడపగలరా? ఈ రెండింటికీ జవాబు అవునంటేనే ఆ సాధనం షిఫ్టు కార్మికుని ఇంటికి తగినది.

ఈ విషయంలో అమెరికా అనుభవం కనువిప్పు కలిగిస్తుంది. విద్యుత్ పొదుపు సాధనాలకు 'ఎనర్జీ స్టార్' గుర్తింపునిచ్చే అక్కడి ప్రభుత్వ కార్యక్రమం, ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లకు ఇస్తూ వచ్చిన ముద్రను 2009 చివరలో నిలిపివేసింది. యంత్రాల్లో లోపమేమీ లేదు. ఆశించిన పొదుపు ఇళ్లలో కనిపించకపోవడమే కారణం. పట్టికను నింపడం క్లిష్టంగా ఉండడంతో చాలామంది దాన్ని పక్కనబెట్టి, ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచి వదిలేశారు. ఆ తర్వాత 2017లో స్మార్ట్ థర్మోస్టాట్లకు, వాడకంలో పొదుపు రుజువు కావాలన్న నియమంతో, కొత్త గుర్తింపు మొదలయింది. పొదుపు చేసేది పెట్టె కాదు, దాన్ని వాడే పద్ధతి అన్నది ఇక్కడి పాఠం.

డిగ్రీకి ఆరు శాతం

ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ ఏసీ వాడే విద్యుత్తులో సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) అంచనా. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద 2002 మార్చి 1న ఏర్పడిన ఈ సంస్థ 2006లో నక్షత్రాల గుర్తింపు పథకాన్ని ప్రారంభించింది. 2020 జనవరి 1 నుంచి నక్షత్ర గుర్తింపు ఉన్న గది ఏసీలన్నీ తొలుత 24 డిగ్రీల వద్దే నడవడం మొదలుపెట్టాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. వినియోగదారు ఆ తర్వాత దాన్ని మార్చుకోవచ్చు. ఏసీల కనీస ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు, గరిష్ఠాన్ని 28 డిగ్రీలకు పరిమితం చేసే ఆలోచన ఉన్నట్లు కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ 2025 జూన్‌లో ప్రకటించడం దేశవ్యాప్తంగా చర్చకు దారితీసింది.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత 1.5 టన్నుల విండో ఏసీ కంప్రెసర్ నడుస్తున్నంతసేపు గంటకు 1.8 యూనిట్లు వాడుతుందనుకొందాం. రాత్రి 8 గంటల్లో కంప్రెసర్ 60 శాతం కాలం నడిస్తే రోజుకు 8.6 యూనిట్లు, నెలకు దాదాపు 260 యూనిట్లు ఖర్చవుతాయి. ఉష్ణోగ్రతను 20 నుంచి 24 డిగ్రీలకు పెంచితే పై లెక్క ప్రకారం నెలకు సుమారు 57 యూనిట్లు మిగులుతాయి. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల విధానంలో, ఈ మిగిలిన యూనిట్లు ఎక్కువ ధర ఉన్న పై శ్లాబులోనివే కావడం గమనార్హం. కాగా ఈ పొదుపునకు కొత్తగా కొనవలసిన వస్తువేదీ లేదు.

ఉష్ణోగ్రతను 16 డిగ్రీలకు తగ్గిస్తే గది త్వరగా చల్లబడుతుందన్నది బలంగా నాటుకొన్న అపోహ. స్థిరవేగపు యంత్రం 16 వద్దనైనా, 24 వద్దనైనా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. తేడా ఎప్పుడు ఆగాలన్నదే. 16 వద్ద ఉంచి నిద్రపోతే, ఎండకు కాగిన పాత గోడల మధ్య ఆ హద్దు ఎన్నటికీ రాదు. కంప్రెసర్ తెల్లవార్లూ ఆగదు. ఏసీని 26 డిగ్రీల వద్ద ఉంచి సీలింగ్ ఫ్యానును నెమ్మదిగా తిప్పితే శరీరానికి అంతే హాయి కలుగుతుంది. పాత ఫ్యాను 75 వాట్ల వరకు వాడితే, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల దరిదాపుల్లో సరిపోతుంది.

కూలరును తక్కువగా చూడరాదు

భిలాయి వాతావరణానికి ఒక అనుకూలత ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి వేడి పొడివేడి. విశాఖ సముద్రతీరంలో ఉండే ఉక్కపోత ఇక్కడ ఆ రోజుల్లో ఉండదు. గాలిలో తేమ 15 శాతమే ఉన్నప్పుడు 43 డిగ్రీల వేడిగాలి తడిసిన ప్యాడ్ల గుండా ప్రవహిస్తే, మంచి కూలరు దాన్ని 27 డిగ్రీల దరిదాపులకు దించగలదు. అందుకు అయ్యే విద్యుత్తు ఏసీ వాడే దానిలో ఎనిమిదో వంతు, పదో వంతు మాత్రమే. విశాఖ నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చిన బంధువులు ఇక్కడి కూలరు చల్లదనానికి ఆశ్చర్యపడడానికి కారణం యంత్రం గొప్పతనం కాదు, గాలి పొడిదనం.

జూన్ మధ్యలో రుతుపవనాలు ప్రవేశించగానే కథ తిరగబడుతుంది. గాలి 32 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు కూలరు రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించలేదు. పైగా గదిని మరింత జిగటగా మారుస్తుంది. అందువల్ల కూలరుకు కావలసినది వేడిని మాత్రమే కొలిచే థర్మోస్టాట్ కాదు, తేమను కూడా కొలిచే నియంత్రణ. తేమ హద్దు దాటగానే నీటి పంపును ఆపి ఫ్యానును మాత్రం నడిపే సాధనం మేలు. అది లేనివారు చిన్న తేమమాపకాన్ని గోడకు తగిలించుకొని, ఎప్పుడు కూలరు, ఎప్పుడు ఏసీ అన్నది తామే నిర్ణయించుకోవచ్చు. కూలరు నడిచేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, ఏసీ నడిచేటప్పుడు మూసి ఉండాలి. రెండింటినీ ఒకే గదిలో ఒకేసారి నడపడం డబ్బును నీళ్లలో పోయడమే. టైమరుతో కూలరు నడిపేవారు తొట్టిలో నీరు అయిపోయినప్పుడు పంపు ఎండిపోయి కాలకుండా చూసుకోవాలి.

ముందు తీగలు, తర్వాత థర్మోస్టాట్

పాత ఇంటి విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది గోడల్లో దాగిన వైరింగు. 1960, 70 దశకాల్లో దేశంలో అల్యూమినియం తీగల వాడకం విస్తృతంగా ఉండేది. అవి కాలక్రమేణా బిగింపుల వద్ద వదులై, తుప్పుపట్టి వేడెక్కుతాయి. ఆ తీగలను నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం వేశారు. 1.5 టన్నుల ఏసీ నిలకడగా 7, 8 ఆంపియర్లు లాగుతుంది. స్థిరవేగపు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. ప్రతి రెండు మూడు నిమిషాలకూ యంత్రాన్ని ఆపి నడిపే నాసిరకం థర్మోస్టాట్ పాత తీగలపై ఈ దెబ్బను రాత్రికి వందసార్లు కొడుతుంది. వేసవి రాత్రుల్లో స్విచ్‌బోర్డుల వద్ద కాలిన వాసన రావడానికి మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది.

కనుక ఏసీకి మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను వేయించాలి. దానికి తగిన ఎంసీబీ, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇనుప కూలరు, నీరు, పాత ఎర్తింగు ఒకచోట చేరితే ఎంత ప్రమాదమో ప్రతి వేసవిలో దేశమంతటా వెలువడే వార్తలే చెబుతున్నాయి. పరిమిత సొమ్ము ఉన్న కుటుంబం ముందుగా ఖర్చు చేయవలసింది ఇక్కడ. ఆర్‌సీసీబీ లేని ఇంటికి స్మార్ట్ థర్మోస్టాట్ కొనడం, పునాది లేని ఇంటికి గోపురం కట్టడం వంటిది.

తర్వాతి స్థానం పైకప్పుది. రెండంతస్తుల బ్లాకుల్లో పై అంతస్తువారు అనుభవించే వేడిలో అధిక భాగం ఎండకు కాగిన కప్పు నుంచి దిగేదే. కప్పుపై తెల్లని సున్నమో, వేడిని తిప్పికొట్టే రంగో పూస్తే గది ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఈ సూత్రంపైనే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 'కూల్ రూఫ్' విధానాన్ని ప్రకటించింది. తలుపుల కింది సందులు, కూలరు కోసం తొలిచిన కిటికీ అంచులు మూసివేయడం ఖర్చు లేని మరో మార్గం.

నక్షత్రంతోపాటు సంవత్సరమూ చూడాలి

పాత విండో ఏసీకి కొత్త థర్మోస్టాట్ బిగించడం కంటే యంత్రాన్నే మార్చడం లాభమా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. పన్నెండు, పదిహేనేళ్లు దాటిన యంత్రానికి ఖరీదైన కంట్రోలర్ కొనడం వివేకం అనిపించుకోదు. కొత్తది కొనేటప్పుడు నక్షత్రాల సంఖ్యతోపాటు ముద్రపై ఉన్న సంవత్సరాన్ని కూడా గమనించాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తున్నందున పాత ముద్రలోని ఐదు నక్షత్రాలు కొత్త లెక్కలో నాలుగో, మూడో కావచ్చు. ముద్రపై రాసి ఉండే వార్షిక యూనిట్లు ఏడాదికి 1600 గంటల వాడకానికి సంబంధించినవి. నాలుగు నెలలు రోజుకు 8 గంటలు మాత్రమే వాడే ఇంట్లో అది 960 గంటలే కనుక ఆ మేరకు తగ్గించి లెక్క వేసుకోవాలి. వాడకం తక్కువైన ఇంట్లో ఎక్కువ నక్షత్రాలకు పెట్టిన అదనపు ధర తిరిగి రావడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది.

ఇంటర్నెట్‌పై ఆధారపడిన సాధనాలకు మరో ప్రమాదముంది. తొలి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకు ఫోను ద్వారా నడిపే సదుపాయాన్ని 2025 అక్టోబరు 25 నుంచి గూగుల్ నిలిపివేసింది. గోడపై చేత్తో తిప్పితే అవి పనిచేస్తాయి. కాని ఏ సదుపాయం కోసం అధిక ధర చెల్లించారో అది లేదు. కనుక కంపెనీ సేవలు ఆగినా, వైఫై లేకపోయినా చేత్తో నడిపే వీలున్న సాధనాన్నే ఎంచుకోవడం క్షేమం.

సముద్రాల ఆవల మరో చిక్కు

భిలాయి తెలుగు కుటుంబాల్లో పలువురి పిల్లలు అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డారు. అక్కడ పాత ఇల్లు కొన్నవారిది మరో సమస్య. స్మార్ట్ థర్మోస్టాట్‌కు నిరంతరం విద్యుత్తు అందించే 'సి-వైరు' అనే ఉమ్మడి తీగ పాత ఇళ్లలో తరచుగా ఉండదు. రెండే తీగలు కనిపిస్తే అడాప్టరు కొనాలి, లేదా బ్యాటరీతో నడిచే రకాన్ని ఎంచుకోవాలి. గోడ అంచున ఉండే విద్యుత్ హీటర్లకు 120, 240 వోల్టుల థర్మోస్టాట్లు వేరుగా ఉంటాయి. వాటికి 24 వోల్టులవి కలపరాదు. తొలగించిన పాత థర్మోస్టాట్‌లో పాదరసం ఉండవచ్చు కనుక చెత్తబుట్టలో పారవేయరాదు. రోజుకు 8 గంటలపాటు ఉష్ణోగ్రతను 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ మేర మార్చి ఉంచితే ఏడాది ఖర్చులో 10 శాతం వరకు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. హీట్ పంపు ఉన్న ఇళ్లకు మాత్రం శీతకాలంలో ఈ పద్ధతి అంతగా కలిసిరాదు.

ఇంటి మీట, దేశం భారం

గది ఉష్ణోగ్రత ఇంటి గుట్టుగా కనిపించినా దాని ప్రభావం దేశమంతటా ఉంటుంది. 2024 మే 30న దేశంలో విద్యుత్ గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లకు చేరింది. ఎండలు, ఏసీల వాడకం అందుకు ప్రధాన కారణాలు. 2019 మార్చిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం, ఆనాటికి దేశంలో 8 శాతం కుటుంబాలకే గది ఏసీలున్నాయి. 2037-38 నాటికి ఇది 40 శాతానికి పెరుగుతుందని అంచనా. అప్పటికి శీతలీకరణకు అయ్యే ఇంధనాన్ని 25 నుంచి 40 శాతం మేర తగ్గించాలన్నది ఆ ప్రణాళిక లక్ష్యం. ప్రతి ఇంటి మీట రెండు డిగ్రీలు పైకి జరిగితే తప్ప ఇది నెరవేరదు.

అయితే పొదుపు పేరిట ఆరోగ్యాన్ని పణంగా పెట్టరాదు. వయసు మళ్లినవారి శరీరం వేడిని త్వరగా గుర్తించలేదు, దాహమూ తక్కువగా వేస్తుంది. పిల్లలు దూరదేశాల్లో ఉండి, వృద్ధ దంపతులు ఒంటరిగా ఉన్న ఇళ్లలో గది ఉష్ణోగ్రతను దూరం నుంచి గమనించే సాధనం విలాసం కాదు. అటువంటి కుటుంబాలకు స్మార్ట్ కంట్రోలర్ అసలు ప్రయోజనం బిల్లులో కంటే భద్రతలోనే ఎక్కువ. గది 35 డిగ్రీలు దాటితే విదేశంలోని కుమార్తె ఫోనుకు హెచ్చరిక వెళుతుంది. ఆమె పొరుగువారికి కబురు చేయగలదు.

మొత్తం మీద సెక్టర్ 6 వంటి పాత క్వార్టర్లలో ఖర్చుకు వరుసక్రమం ఇలా ఉండాలి: మొదట వైరింగు, ఎర్తింగు, ఆర్‌సీసీబీ, తర్వాత పైకప్పుకు సున్నం, సందుల మూత, మంచి ఫ్యాను, ఆపై పొడివేడికి కూలరు, ఉక్కపోతకు 24 డిగ్రీలకు తగ్గని ఏసీ. థర్మోస్టాట్ వంతు చివరన వస్తుంది. అప్పుడు కూడా షిఫ్టుకో పట్టికను దాచుకొనేది, ఫోను లేకున్నా చేతికి లొంగేది, ఇల్లు మారితే వెంట వచ్చేది అయితేనే కొనడం మేలు.